గీత మీద పడితే

మొన్న కలెక్టరాఫీసులో మీటింగు పెట్టేరు.
చదువుకున్న కుర్రకారు ఇజీనారంలో
ఎందుకు నిలబడరు, అన్నది సమస్య.
తెర మీద బొమ్మలు వేసేరు:
అద్దాల మేడ, ఐదు తెరల సినిమా హాలు,
చెరువు చుట్టూ రంగు దీపాలు, కాఫీ కొట్టు.
నన్నెందుకు పిలిచేరో తెలీదు.
నా ముందొక చీటీ నిలబెట్టేరు:
‘లెంక సన్యాసయ్య, క్రీడాభిమాని.’
పక్కనొక సమోసా.

క్రీడాభిమాని!
యాభై రెండేళ్ళ జబ్బుకి
ఎంత ఉతికిన పేరు.

నాకు పదకొండేళ్ళప్పుడు
మా నాన్న సైకిల్ బారు మీద కూచోబెట్టుకుని
జూటు మిల్లు గ్రౌండుకి తీసుకెళ్ళేడు.
బాల్ బ్యాడ్మింటన్. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు.
మధ్యలో పసుప్పచ్చ ఊలు బంతి,
కోడిపిల్ల ఎగిరినట్టు.
నేలకి తగిలితే పెద్దగా లేవదది.
పడ్డచోటే ఉండిపోతాది,
నాలాగే.

ఆడదామనుకున్నాను.
పంతొమ్మిదో ఏట మిల్లులో మిషను
రెండు వేళ్ళు ఉంచేసుకుంది.
మిగిలిన వేళ్ళకి పెన్సిలు చాలు గదా,
స్కోరు పుస్తకం పట్టుకున్నాను.

ముప్పై ఒక్క పుస్తకాలు, గోనెలో చుట్టి అటక మీదున్నాయి.
నా పెళ్ళి రోజు: పార్వతీపురం మీద ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు.
(ఆవిడ ఆ పేజీని ఇప్పటికీ క్షమించలేదు.)
మిల్లు గేటుకి తాళం పడ్డ ఏడాది:
జీతం లేదు, స్కోరుంది.
రాష్ట్రం కప్పుకి మూడుసార్లు ఆఖరిదాకా వెళ్ళి
మూడుసార్లూ తెల్లవారుజాము పాసింజర్లో
ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా వచ్చేం.
ఆ తర్వాత ఆట ముప్పై అయిదుకి పెంచేరు.
ఓడిపోడానికి ఇంకో ఆరు పాయింట్లు
ఎక్కువ కూచోవాలి, అంతే.

మా మేడ మీద గదిలో డాక్టర్ షాహీన్ అద్దెకుంటాది.
ప్రొద్దుటూరు పిల్ల. ఘోషాసుపత్రిలో మత్తుమందు ఇస్తాది.
శుక్రవారం సాయంత్రం అయిందంటే
భుజాన బ్యాగు, విశాఖ బస్సు.
“ఈ ఊర్లో ఏముండాది తాతా?”
“శనివారం ఆటుందమ్మా.”
నవ్వి వెళ్ళిపోయేది.

ఒక వారం కాన్పు కష్టమై బస్సు తప్పిపోయింది.
మర్నాడు ఆసుపత్రి చెప్పులతోనే వచ్చింది,
సిమెంటు మెట్టు మీద దుపట్టాతో దుమ్ము దులుపుకుని కూచుంది.
“ఇదేందబ్బా, బ్యాటేమో షటిల్‌ది, బంతేమో స్వెట్టర్‌ది!”
మొదటి గేము ఫోన్లో ఉంది.
రెండో గేము పల్లీల్లో ఉంది.
మూడో గేము ముప్పై మూడు, ముప్పై నాలుగు.
మావాడు కొట్టిన బంతి వెనక గీత దగ్గర పడింది.
రిఫరీ బయటన్నాడు.

లేచి నిలబడింది.
“గీత మీద పడింది సారూ!
గీత మీద పడితే లోపలే గదా!”

గేలరీ అంతా వెనక్కి తిరిగింది.
“ఎవరా గుంట?” అన్నాడు రిఫరీ.
“మాదే,” అన్నాను.

రిఫరీ మాట మార్చలేదు. ఓడిపోయేం.
మూడు లాంతర్ల దాకా ఆ రిఫరీని
కడప తిట్లు తిడుతూ నడిచింది.
ఒకటో రెండో నాకు కొత్తవి.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం మానేసిందని కాదు.
ఈ మార్చికి ఆసుపత్రి గడువు అయిపోతాది,
వెళ్ళిపోతుందేమో.
నేను అడగలేదు, అడగను.

మీటింగులో మైకు నా దగ్గరికొచ్చింది.
తుపానుకి గేలరీ రేకులు ఎగిరిపోయేయి,
అవి వేయించండి బాబూ, అన్నాను.
కోర్టుకో లైటు.
ఇంకేటి కావాలన్నారు.
ఆలోచిస్తే ఇంకేటీ తోచలేదు.
‘రేకులు: 24’ అని రాసుకున్నారు.
సమోసా కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను, మేడ మీదికి.

ముప్పై రెండో పుస్తకంలో
కొన్ని పేజీలు ఇప్పుడు ఆ పిల్ల రాతలో ఉన్నాయి,
నా కళ్ళకి ఆపరేషనైన వారాలవి.
మందుల చీటీ రాత.
ఎటు తిప్పి చూసినా
ఎవరు గెలిచేరో తెలీదు.